కుడికంట్లో మబ్బు

మొన్న ఎవరో పెద్ద నాయకుడు కోరుట్ల సభకు హెలికాప్టర్‌లో వచ్చాడు. అది జగిత్యాల మీదుగా పోయింది. మా వీధంతా రోడ్డు మీదికొచ్చి, నుదుటికి చేతులు అడ్డం పెట్టుకొని నిలబడింది. అందరికంటే ఆలస్యంగా బయటికొచ్చింది నేనే. మాది అసలు సిరిసిల్ల. మరమగ్గాల మధ్య పుట్టి పెరిగిన చెవులు నావి. వాటికి చిన్న చప్పుడు ఆనదు, పెద్ద చప్పుడు వింతగా తోచదు. నేను తలెత్తేసరికి అది మేడిపల్లి వైపు చుక్కయిపోయింది. జనం ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. నేను మాత్రం నా కండ్లద్దాల దుకాణం ముందున్న బెంచీ వైపు తిరిగి, "ఏం తమ్మీ, ఏ రకం బండి అది?" అని అడగబోయి ఆగాను. అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన కిందటి కార్తీకంలోనే పోయాడు.

ఉంటే గనక ఆయన పైకి చూసేవాడు కాదు. అందరూ పైకి చూస్తుంటే ఆయన కండ్లు మూసుకొని, రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని వినేవాడు. చప్పుడు పూర్తిగా సద్దుమణిగాక కండ్లు తెరిచి, "బరువెక్కువున్నది అన్నా. లోపట అందరు బొర్రలున్నోళ్లే కూసున్నట్టున్నరు" అనేవాడు. ముఖంలో నవ్వుండేది కాదు. నేను పగలబడి నవ్వడం అయిపోయాక, అప్పుడు నెమ్మదిగా ఆయన నవ్వేవాడు.

జనమంతా ఆయన్ని పైలట్ సారు అనేవారు. నాకంటే చిన్నవాడు కాబట్టి నేను తమ్మీ అనేవాణ్ణి. కోరుట్లకూ మేడిపల్లికీ నడుమ ఒక చిన్న ఊరు వాళ్లది. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. తల్లి బీడీలు చేస్తుంది. ఆ ఇంటి నుంచి పోయి, వాయుసేనలో హెలికాప్టర్లు నడిపి, కుడికన్ను చెడిపోయి, మంచి వయసులో ఇంటికి తిరిగొచ్చాడు. పెండ్లి మాటెత్తితే "ఒంటి కన్నుతోని ఏం సంబంధం జూస్త అన్నా" అని దాటేసేవాడు. ఆయన జీవితమంతా చెప్పమంటే నాకు చేతకాదు, నాకు తెలియదు కూడా. నాకు తెలిసింది ఆ బెంచీ మీద కూర్చున్న మనిషే.

మొదటిసారి నల్లద్దాల కోసం వచ్చాడు. ఎండ కంట్లో పొడుస్తోందన్నాడు. కొలత కోసం ముఖం ఎత్తించి చూస్తే కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. గంజి ఒలికి ఆరినట్టుంది. "ఏమైంది తమ్మీ?" అన్నాను.

"కెరటోకోనస్" అన్నాడు, అడుగుతానని ముందే తెలిసినట్టు. "నల్లగుడ్డు ముంగట గాజసొంటి పొర ఉంటది గదా, కార్నియా. అది పల్చనై కోసుగ ముంగటికి పొడుచుకస్తది. చూపంత వంకర్లు పోతది. ఒక్క దీపానికి మస్తు దీపాలు కనవడ్తయి. అసొంటి కన్నున్నోనికి హెలికాప్టర్ ఇయ్యరు. పుట్టుకతోనే లోపట ఉంటదట అన్నా. ఎవ్వల తప్పు లేదు."

నాకు కోపం తొందరగా వస్తుంది. మా ఆవిడనడిగితే చెబుతుంది. ఈ పనిలోనే తల నెరిసిన మనిషిని పట్టుకొని, నా దుకాణంలోనే నాకు అబద్ధం చెబుతాడా అనిపించింది. కోసుగా పెరిగిన కండ్లు నేను చూడనివా? అవి ఉన్న మనిషి కిందికి చూస్తే కింది రెప్ప మొనదేలుతుంది. ఈయన రెప్ప మామూలుగానే ఉంది. మచ్చ మాత్రం పుండు మానిన మచ్చ. మా దిక్కు దాన్ని కంట్లో పువ్వు వేసిందంటారు. ఆ మాట మొహం మీదే అనేశాను.

ఆయన నల్లద్దాలు పెట్టుకొని, అద్దంలో అటూ ఇటూ చూసుకొని, "నువ్వు అద్దాలు అమ్ముతవా అన్నా, కండ్లు చదువుతవా?" అన్నాడు. మెట్లు దిగబోతూ మళ్లీ ఆగాడు. "ఎవ్వలన్న అడిగితే మాత్రం కెరటోకోనస్ అను. మా అమ్మ ఎప్పుడన్న అచ్చి అడిగినా గదే అను."

వాళ్లమ్మ నా దుకాణానికెందుకు వస్తుంది, వచ్చి నన్నెందుకు అడుగుతుంది, నాకేమీ బోధపడలేదు. కానీ ఆ మనిషి నచ్చాడు. మరుసటి వారం మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత ఆ బెంచీ ఆయనదే అయిపోయింది.

కొన్ని వింత అలవాట్లుండేవి ఆయనకు. నడుస్తూ నడుస్తూ ఠక్కున తలెత్తి "తీగ" అనేవాడు. జగిత్యాల బజారులో తలెత్తితే తీగలు తప్ప ఏముంటాయి? నాకు విసుగొచ్చి, "నువ్వు నడుస్తున్నవా, ఎగురుతున్నవా?" అని కసిరాను. అప్పుడు చెప్పాడు. హెలికాప్టర్ నడిపేవాళ్లకు కొండలకంటే, గాలివానకంటే కరెంటు తీగంటేనే భయమట. లోయకు అడ్డంగా కట్టి ఉంటుంది. దగ్గరికొచ్చేదాకా కనపడదు. కనపడ్డాక చేయడానికేమీ ఉండదు. "గందుకే అన్నా, చార్టుల ఆఖరు వరుస దాక చదివిస్తరు. అచ్చరాలు అస్తయా రావా అని కాదు. తీగ కనవడాలని."

నా దుకాణం గోడకున్న అక్షరాల చార్టును ఎడమకంటితో గడప అవతలి నుంచే చదివేసేవాడు, అడుగున కంపెనీవాళ్లు వేసుకున్న చిన్న పేరుతో సహా. తర్వాత ఎడమకన్ను మూసుకొని కుడికంటితో చూసేవాడు. "గిటుదిక్కు పొద్దు గూకింది" అని నవ్వి, వచ్చి కూర్చునేవాడు.

చనిపోయినవాళ్ల కార్నియా తెచ్చి కుడతారు కదా, ఎందుకు చేయించుకోవు అని ఒకసారి పోరు పెట్టాను. "సూపు రావచ్చు అన్నా. కానీ కుట్టిన కంటికి హెలికాప్టర్ ఇయ్యరు. ఎగురుడు ఎట్లనన్న లేదు. మరి నాకెందుకు? రెండు కండ్లు లేనోనికి పెట్టనియ్యి." అది త్యాగమని నేననుకోలేదు, ఆయనా అనుకోలేదు. బస్సులో ఇంకొకరికి సీటు చూపించినట్టే అన్నాడు.

కంట్లో ఏదన్నా పడి ఎవరైనా రుద్దుకోబోతే చటుక్కున మణికట్టు పట్టుకునేవాడు. తెలిసినవాళ్లా, తెలియనివాళ్లా అని చూసేవాడు కాదు. ఒకసారి బస్టాండులో పోలీసాయన చెయ్యి పట్టుకున్నాడు. పోలీసాయన తెల్లబోయి, "రుద్దనులే సార్" అన్నాడు.

మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు. ఎండ రోడ్డు మీద పరుచుకొని, ఆటోలు కూడా కునికేవేళ ఆయన అరచేత్తో ఎడమకన్ను మూసుకొని, ఆ మచ్చ కంటితో వీధిని చూస్తూ కూర్చునేవాడు. ఏం కనిపిస్తుందని అడిగితే, "మబ్బుల ఉన్న" అనేవాడు.

"మబ్బులకు పోతే గిట్లనే ఉంటది అన్నా. తెలుపు. గంతే. కింద లేదు, మీద లేదు. నీ ఒళ్లు చెప్తది, నువ్వు ఎడమకు ఒరిగినవని. ఒరిగి ఉండవు. లేస్తున్నవని చెప్తది. దిగుతుంటవు. ఒంటి మాట ఇన్నోడు బతుకడు. ముంగటున్న మీటర్ల ముండ్లనే చూడాలె, అవి ఏం చెప్తే గదే నిజం." కాసేపాగి, "ఇప్పుడొక పసుపుపచ్చ అచ్చింది. మెల్లగ పోతాంది. ఆగింది. ఇగ కరిగింది" అనేవాడు. నేను చూస్తే పచ్చ చీర కట్టుకున్నావిడ కూరగాయల సంచితో మలుపు తిరుగుతూ ఉండేది. వీధి చివరి వేపచెట్టు ఆయనకు పొగలాగా కనిపించేదట. మనుషులు పొగలోంచి పుట్టి పొగలోకి పోయేవారట.

ఒకరోజు ఆయన లేనప్పుడు నేనూ ఒక అద్దం మీద నోటి ఆవిరి పట్టించి, కంటికి పెట్టుకొని చూశాను. నా వీధి, నా ఎదురు దుకాణం, నాకు బాకీ ఉన్న మనిషి, అన్నీ పాలల్లో కలిసిపోయాయి. ఎంతో నెమ్మదిగా అనిపించింది. ఆవిరి ఆరిపోతే మళ్లీ ఊది చూశాను. గిరాకీ వచ్చి పిలిచేదాకా ఆ తెలుపులోనే ఉన్నాను. ఆయనంటే నాకున్న ఇష్టం ఆ రోజు నాకే తెలిసింది.

తండ్రి మాట అరుదుగా ఎత్తేవాడు. "మా నాయిన తాటిచెట్టు మీదికెల్లి చూసిన ఊరే, నేను హెలికాప్టర్లకెల్లి చూసిన. నాయినకే మంచిగ కనవడ్డది. ఆయనకు ఇంటి ముంగట ఆరేసిన చీరలు గూడ కనవడేటియి."

ఇక తల్లి సంగతి. కంట్లో పడ్డ నలుసు తీయడంలో ఆమె పేరు మోసిన మనిషి. రాయికల్ నుంచీ, బుగ్గారం నుంచీ కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. పొద్దంతా బీడీలు చేసే చేతులు, వేళ్లకు పొగాకు ఘాటు అంటుకొని ఉంటుంది. ఆ వేళ్లు కంట్లో పెడితే ఇంకేమన్నా ఉందా? అందుకని నాలుకతో తీసేది. ఉప్పు నీళ్లు పుక్కిలించి ఉమ్మి, మనిషి తల ఒళ్లో పెట్టుకొని, రెప్ప ఎత్తి, నాలుక కొనతో ఒక్క తుడుపు. నలుసు నాలుక మీదికి వచ్చేది. దాన్ని గోటి మీద పెట్టి చూపించేది. మా ప్రాంతంలో చాలా ఊళ్లలో ఇలాంటి తల్లులుండేవారు. దవాఖానాలు దగ్గరలేని కాలంలో వాళ్లే దిక్కు.

వరి కోతలప్పుడు ఆమె ఇంటి ముందరి గద్దె మీద, ఆ అరుగు నిండా జనం ఉండేవారట. ఇప్పుడు కోతకు మిషన్లు వచ్చాయి, కానీ వడ్లు కొనుగోలు సెంటర్ల దగ్గర పోసి, తాలు పోవడానికి పెద్ద ఫ్యాన్లు పెడతారు. ఆ గాలికి తాలు పోయి పనివాళ్ల కండ్లల్లోనే పడుతుంది.

కోతల కాలంలో ఒకసారి వాళ్లింటికి అన్నానికి పిలిచాడు. నేను మంచం మీద కూర్చున్నాను. తల్లి గద్దె మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఆయన లోపల ఉన్నాడు. సెంటర్ నుంచి ఒక పనామె కొంగుతో కన్ను మూసుకొని వస్తోంది. ముసలామె గొంతెత్తింది.

"ఏ పిల్లా, కన్నేమైందే? ఇటు రా. నిమిషంల తీస్త."

చాట పక్కన పెట్టి చెంబు అందుకుంది. పుక్కిలించడం మొదలుపెట్టింది. పుక్కిలించి ఉమ్మింది. మళ్లీ పుక్కిలించింది. పనామె గద్దె దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఆయన తడి తలతో, భుజం మీద తువ్వాలతో ఉరికొచ్చాడు.

"అమ్మా, ముట్టకు."

"ఏందిరా ముట్టకు? నువ్వు పుట్టకముందుకెల్లి తీస్తున్న. రాయికల్ కెల్లి అస్తరు నా తానికి."

"అప్పటి వడ్లు కావు ఇవి. మందులు గొడ్తున్నరు. అది నీ నోట్లెకు పోతది. నీ పాణానికే మంచిది కాదే."

"పొద్దంత పొగాకుల ఉన్నదాన్ని, నన్ను మందేం జేస్తదిరా? పెద్ద డాక్టరువు అచ్చినవు."

ఆయన అప్పటికే పనామె మణికట్టు పట్టుకొని బండి దగ్గరికి తీసుకుపోతున్నాడు. అక్కడ ఇంకో తంతు. బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, టైర్లు నొక్కి, చైను ముట్టుకొని, అద్దం సరిచేసి, బ్రేకు చూసి అప్పుడు గానీ ఎక్కడు. సారు బండికి దండం పెడతాడని ఊళ్లో పిల్లలు నవ్వుతారు.

"సారూ, కన్ను మండుతాంది. బండి తర్వాత తుడువుర్రి" అంది పనామె.

"తుడుస్తలేనక్కా, చూస్తున్న. గాలి ఉన్నదో లేదో చూడకుండ ఎక్కుతమా? ఎక్కు. గట్టిగ పట్టుకో. కన్ను రుద్దినవంటే నడిమిట్ల దించుత."

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. జగిత్యాలలో మా దుకాణం పక్కనే కండ్ల దవాఖానా. కోతల కాలంలో ఆయన ఎవరో ఒకరిని అక్కడ దించి మా బెంచీ మీదికి చేరతాడని నాకు ఆ రోజు తెలిసింది. ముసలామె నావైపు తిరిగి, "చూసినవా కొడుకా? గింతమంది అస్తరు నా తానికి. ఒక్కల గూడ చేతికి దక్కనియ్యడు. నా వాసి చెడగొడ్తున్నడు" అని తిట్టింది. తిడుతూనే బండి మలుపు తిరిగేదాకా చూసింది. వాళ్లిద్దరి కొట్లాటా నాకు సరదాగానే అనిపించింది. అన్నం లేట్ అయినందుకు మాత్రం మండింది.

అసలు సంగతి సిరిసిల్లలో బయటపడింది. మా చిన్నాయన కొడుకు బిడ్డ పెండ్లికి పోతూ ఆయన్ని వెంటబెట్టుకు పోయాను. భోజనాలయ్యాక మా వాళ్ల సాంచాల షెడ్డుకు తీసుకుపోయాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం. తలుపు తీయగానే చప్పుడు మీద పడుతుంది. కొత్తవాళ్లు చెవులు మూసుకొని బయటికి పరుగెడతారు. ఆయన మాత్రం లోపలికి నడిచి, రెండు వరసల నడుమ ఆగిపోయాడు. నేల అదురుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండలో దూది నుసి ఎగురుతోంది. ఆయన కండ్లు మూసుకున్నాడు. రెండు చేతులూ ముందుకొచ్చాయి. ఒకటి దేన్నో పట్టుకున్నట్టు కాళ్ల నడుమ, ఇంకొకటి పక్కకు. పాదాలు కొంచెం కదిలాయి. ఆ మొహంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. మగ్గం నడిపేవాళ్లు కూడా పని ఆపకుండానే ఆయన్ను చూస్తున్నారు. షెడ్డు మొత్తాన్ని మెల్లగా పైకి లేపుతున్నాడేమో అనిపించి, నేను కూడా ఒక స్తంభం పట్టుకున్నాను. అబద్ధమెందుకు, నిజంగానే పట్టుకున్నాను.

కొంతసేపటికి ఆయన పెదవులు కదలడం మొదలైంది. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. అందుకే మాట్లాడాడు. కానీ సాంచాల నడుమ పుట్టినవాళ్లం మేం చిన్నప్పుడే పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటాం. లేకపోతే షెడ్డులో నీళ్లు కూడా అడగలేం. ఆ సంగతి ఆయనకు తెలియదు. కండ్లు మూసుకొని, నా ఎదురుగా నిలబడి అన్నాడు.

"తాలు పడ్డనాడే దవఖానకు పోవాల్సుండె. అమ్మ రా కొడుకా అంటె పోయి ఒళ్లె పన్న. నాలుకతోని తీసింది. ఎంత సల్లగుండెనో. గంత సల్లగ మళ్ల ఎన్నడు లేకుండె. గందులనే కన్ను పోయింది."

బయటికొచ్చాక చాయ హోటల్లో కూర్చున్నాం. దాచుకోవడం నాకు రాదు. "తమ్మీ, నువ్వు లోపట అన్నది నేను పట్టుకున్న" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. చాయ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, కల్లం దగ్గర కంట్లో తాలు పడిందట. తల్లి తీసింది. హాయిగా ఉండి డ్యూటీకి పోయాడు. అక్కడ కన్ను ఎర్రబడి, తెల్లచుక్క వేసి, చుక్క పుండయింది. వాయుసేన డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. కన్ను నిలబడింది, చూపు నిలబడలేదు. మెడికల్ బోర్డు ముందు ఆఖరుసారి చార్టు చదివినప్పుడు, ఆ గదిలో ఉన్న పెద్ద డాక్టర్ తలొంచుకున్నాడట.

"వడ్ల తాలుతోనే పుండు కావచ్చు గదా. అవ్వ నాలుకతోనే అయిందని ఎట్లంటవు?" అన్నాను.

"గదే అన్నా. నాకు తెల్వది. డాక్టర్లకు గూడ తెల్వది. కానీ అమ్మ చెవుల పడ్డదనుకో, ఆమె గిట్లయిందో గట్లయిందో అని చూడది. నేనే తీసిన నా కొడుకు కన్ను అంటది. ఇగ బతుకది."

"మరి ఇంకొకరి కంట్లో నాలుక పెడితే?"

"గందుకే గదా ఉరుకుతున్న."

ఆయన బతుకంతా ఆ ఇరుకులోనే గడిచింది. తల్లిని ఆపాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే తల్లి దక్కదు. అందుకని పుట్టుకతో వచ్చిన రోగం పేరొకటి సంపాదించుకున్నాడు, కోతలొచ్చినప్పుడల్లా ఇంటి గడప కనిపెట్టుకొని ఉన్నాడు. తల్లికి ఎన్నటికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా అరచెయ్యి గట్టిగా పట్టుకొని, నేను సరే అనేదాకా వదలలేదు.

కార్తీకంలో ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ వారమంతా నేను దుకాణం తెరిచినా ఎవరికీ సరిగా అద్దాలు చూపించలేకపోయాను. ఒకాయనకు దగ్గరి చూపు అద్దాలకు బదులు దూరం అద్దాలు బిగించి పంపాను. ఆయన తిరిగొచ్చి తిట్టాడు. పడ్డాను.

హెలికాప్టర్ పోయిన మరునాడు నాకు నిలబుద్ధి కాలేదు. దుకాణం మూసి వాళ్ల ఊరికి పోయాను. యాసంగి కోతలు నడుస్తున్నాయి. రోడ్డు పొడుగునా వడ్లు. సెంటర్ దగ్గర ఫ్యాన్ తిరుగుతోంది. ముసలామె గద్దె మీదే ఉంది. చాట ఒళ్లోనే ఉంది కానీ చేతులు ఆడటం లేదు. నన్ను చూసి "కూసో కొడుకా" అంది. ఆ మాటా ఈ మాటా మాట్లాడుతుండగానే సెంటర్ నుంచి ఒక పిల్ల కన్ను పట్టుకొని వచ్చింది. ఏడుస్తోంది.

"అవ్వా, తాలు పడ్డది. జెర తియ్యవా?"

"నాతోని కాదు బిడ్డా" అంది ముసలామె. "రుద్దకు. గా ఆటో ఎక్కి జగిత్యాల పో. కండ్ల దవఖాన అను, దించుతడు. ఇంటికి పోయి పసరు గిసరు పొయ్యనియ్యకు." తనే లేచి, కర్ర పట్టుకొని రోడ్డుదాకా పోయి, ఆటోను ఆపి, ఆ పిల్లను ఎక్కించి వచ్చింది.

నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. "ఏందవ్వా, నువ్వు తీస్తవు గదా?"

"నేను తీసుడు బంజేసి ఏండ్లాయె కొడుకా."

"మరి గా పిలుసుడేంది? పోయేటోళ్లందర్ని రా రా అని పిలుస్తుంటివి."

"నేను పిలిచింది వాళ్లనా?" అంది. "వాన్ని పిలిచిన."

నాకు అర్థం కాలేదు. ఆమె గద్దె మీద కూర్చొని, లోపలి గది వైపు చెయ్యి చూపించింది.

"కన్ను పోయి ఇంటికచ్చిన కొత్తల గా అర్రల తలుపు పెట్టుకొని పన్నడు. అన్నం ముందర పెడ్తే గోడదిక్కు తిరుగుతుండె. పిలిస్తే పలుకకపోతుండె. గిట్లనే పోతడా నా కొడుకు అనుకున్న. ఒకనాడు ఎవ్వతో కన్ను పట్టుకొని అచ్చింది. అలవాటు గదా, రా తీస్త అన్న. గంతే, అర్రలకెల్లి ఉరికచ్చిండు. నా నోటికి వాని చెయ్యి అడ్డం పెట్టిండు. వాని మొఖం చూసిన కొడుకా. పామును చూసినట్టు చూసిండు నన్ను."

ఆమె చేతిలో కర్ర గోడకు ఆనించింది.

"గప్పుడు నాకు సమజైంది. కన్ను ఎట్ల పోయిందో సమజైంది. వాడు దేనికి లేస్తడో గూడ సమజైంది. అటెన్క నేను ఒక్క కంటిని ముట్టలే. కానీ పిలుసుడు బంజెయ్యలే. ఎవ్వలు కన్ను పట్టుకొని పోయినా గట్టిగ పిలిచేది, అర్రలకు ఇనవడేటట్టు. వాడు అచ్చేదాక నీళ్లు పుక్కిలిస్త కూసునేది. అస్తడు, నాతోని కొట్లాడుతడు, బండి తీస్తడు. పోయి అచ్చినంక ఆకలైతాందే అమ్మా అంటడు. గంతకన్న నాకేం గావాలె?"

ఆ ఇంట్లో ఇన్నేళ్లూ ఒకరికొకరు కాపలా కాశారు. ఒకరు చెప్పలేదు, ఒకరు అడగలేదు. పక్కన కూర్చొని అన్నం లేట్ అయిందని విసుక్కున్నవాణ్ణి నేను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ గట్టిపడ్డ వేళ్లు. "నువ్వు వాని దోస్తువు. నీకు అన్ని చెప్తడు వాడు. నా వల్లనే పోయిందని వానికి నా మీద కోపముండెనా?"

ఏం చెప్పాలి? ఆమెకు తెలియకూడదన్న మనిషి లేడు. తెలియకూడని మాట ఆమే నాకు చెప్పేసింది. ఇంకా దాచడానికి మిగిలిందేముంది? అయినా నా నోటికి ఆ నిజం రాలేదు. సిరిసిల్ల హోటల్లో నా అరచెయ్యి వదలని ఆ చెయ్యే గుర్తుకొచ్చింది.

"ఏం మాటవ్వా? అది పుట్టుకతో లోపటున్న రోగం. కెరటోకోనస్ అంటరు. దానికి నీ మీద కోపమెందుకుంటది?" అన్నాను, ఆమె కండ్లలోకే చూస్తూ.

ముసలామె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత మోచెయ్యి వదిలి, నా తల మీద చెయ్యి పెట్టింది.

"మంచిగనే నేర్పిచ్చి పోయిండు నీకు" అంది.